నేల కింద నా గాదె

నేను లూసర్న్ మొక్కను. అమెరికాలో అల్ఫాల్ఫా అంటారు. హైదరాబాదుకు పాలు పోసే ఒక పల్లెలో, నల్లరేగడి చేలో, బర్రెల కొట్టానికి ఆనుకుని ఉన్న మడి నాది. మా పూర్వీకులది ఇరాన్, మధ్య ఆసియా నేల. పారశీక చక్రవర్తి డరియస్ దండయాత్రల కాలంలో మేం గ్రీసు చేరామని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో ఫర్గానా గుర్రాలతో పాటు మా విత్తనం చైనాకు వెళ్లింది. వంశమంతా గుర్రాలను మేపింది. నా వంతుకు బర్రెలొచ్చాయి.

దసరా వెళ్లాక నన్ను చల్లారు. విత్తనానికి రైజోబియం పట్టించారు కాబట్టి యూరియా కోసం చేయి చాచలేదు. వేరు బుడిపెల్లో కాపురమున్న ఆ సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని నాకు అందించాయి. మొదట్లో పైకి పెద్దగా ఎదగలేదు. లోపల మాత్రం తల్లివేరు దిగుతూనే ఉంది. లోతైన నేల దొరికితే మేం రెండు మూడు మీటర్లు కూడా దిగుతాం. ఆ వేరే నా గాదె. ఆకులు ఎండలో వండిన దాంట్లో నా తిండికి పోగా మిగిలిన పిండిపదార్థం, కొంత నత్రజని అక్కడ దాస్తాను.

తొలి కోత రెండు నెలలు దాటాక పడింది. ఒంటి మీద ఆకు లేనప్పుడు మళ్లీ చిగురించాలంటే గాదెలోదే తియ్యాలి. సుమారు రెండు వారాలు తియ్యడమే తప్ప వెయ్యడం ఉండదు. జానెడు ఎత్తు పెరిగి, ఆకు నిండాకే తిరిగి నింపడం మొదలవుతుంది. పూత నిండేదాకా నింపుతూనే ఉంటాను. కోత పడగానే నత్రజని బుడిపెలు కూడా చల్లబడి, ఆకు వచ్చాకే పుంజుకుంటాయి.

కొట్టానికి దగ్గర కావడమే మా మడి కొంప ముంచింది. మేత కరువైనప్పుడల్లా కొడవలి మా మీదికే వచ్చేది.

"ఇంకో వారం ఆగరాదయ్యా, మోకాలెత్తు గూడ లేదు" అనేది ఇంటావిడ.

"నేను ఆగుత, బర్లు ఆగుతయా?" అనేవాడు మా రైతు.

మూడు వారాలు నిండకుండానే కోత. ఆయన తప్పు ఆయనకు కనబడలేదు, ఎందుకంటే పాలు బాగానే వచ్చాయి. లేత మేతలో కాడ కంటే ఆకు ఎక్కువ. ఎండు బరువులో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్లు దాటతాయి, సులువుగా అరుగుతుంది. కడుపుబ్బరం రాకుండా వరిగడ్డి కలిపి వేస్తే సరి. కానీ కోతకోతకూ మోపు చిక్కింది. గాదె ఖాళీ అయిన మొక్కలు ఒక్కొక్కటే చచ్చాయి. ఖాళీల్లో గరిక, తుంగ చేరాయి. అక్కడ మళ్లీ మా విత్తనమే చల్లారు, సరిగా మొలవలేదు. ముదురు లూసర్న్ నేలలోకి వదిలే పదార్థాలు లేత లూసర్న్‌ను ఎదగనివ్వవు. మాలో పోయినవాళ్ల చోటు పోయినట్టే.

గట్టు అవతలి మడికి దూరాభారమని ఎవరూ పోలేదు. నిండా ఊదాపూలు పూసింది. కోసి, మోపు బరువు చూసి మురిశారు. బర్రెలు ఆకు ఏరుకుని తిని, కాడలు తొక్కి వదిలేశాయి. మా మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం ఆకులోదే. ముదిరేకొద్దీ కింది ఆకులు రాలతాయి, కాడలో లిగ్నిన్ పేరుకుని గట్టిపడుతుంది. మోపు పెరిగినా పాలు పెరగలేదు.

ఈ లెక్క కొత్తదేం కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో గ్రాబర్, ఆయన సహచరులు 1927లోనే వేళ్లు తవ్వి చూసి, లేతలోనే పదేపదే కోస్తే వేరులో నిల్వ కరిగి చేను పలచబడుతుందని చెప్పారు.

చివరికి మా రైతు కోతకు ఒక వరస పెట్టాడు. మడులన్నిటినీ నెలకు సరిపడా పట్టీలు చేశాడు. రోజుకొకటి కోస్తూ పోతే మొదటి పట్టీకి తిరిగి వచ్చేసరికి 25 నుంచి 30 రోజులవుతాయి, నూటికి పది మొక్కలు పూత మీద ఉంటాయి. ఒక్కో మోపులో అన్నిటికంటే ఎక్కువ బరువూ ఉండదు, అన్నిటికంటే లేతదనమూ ఉండదు. కానీ అలా ఏడాదికి 8 నుంచి 10 కోతలు, మూడు నాలుగేళ్ల పాటు ఇవ్వగలం.

చలికాలంలో మాకు పూత సరిగా రాదు, పూల కోసం చూస్తూ కూర్చోకండి. దుబ్బును చేత్తో పక్కకు తీసి మొదలు చూడండి. అక్కడ కొత్త చిగుళ్లు అంగుళం, రెండంగుళాలు లేచి ఉంటే గాదె నిండినట్టే, కొయ్యండి. నాలుగు వేళ్ల ఎత్తు మోడు వదలండి, ఆ చిగుళ్లు తెగకూడదు. వచ్చే నెల మీ మోపు వాటి నుంచే రావాలి.