నాలుగు దీపాల స్తంభం

ఆత్మకథల్లో ‘నేను’ మరీ ఎక్కువైపోతుందని ఈ రైల్వే సిగ్నల్ స్తంభం అభిప్రాయం. అందుకే తన కథను కూడా పక్క లైనులోని సిగ్నల్ గురించి చెబుతున్నట్టే చెప్పుకుంటుంది. దక్షిణ మధ్య రైల్వేలో ఓ డబుల్ లైను పక్కన, వరిచేల మధ్య దాని కాపురం. కొత్తలో దాని కడుపులో రెండు తీగల బల్బులుండేవి. ఒక తీగ మాడిపోతే రెండోది అందుకునేది. తర్వాత ఎల్ఈడీలు వచ్చాయి.

దీపాలు నాలుగు. పైనుంచి వరసగా పసుపు, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. రెండు పసుపుల నడుమ ఆకుపచ్చను ఊరికే ఇరికించలేదు. డబుల్ ఎల్లో వెలిగినప్పుడు ఆ రెండూ ఆనుకుని ఉంటే దూరానికి ఒకటే ముద్దగా కనిపిస్తాయి. ఎరుపు అన్నిటికన్నా కింద, లోకోపైలట్ కంటికి దగ్గరగా ఉంటుంది. ఎండ పడకుండా ఒక్కో దీపానికీ ఓ రేకు గొడుగు.

బండి దాటగానే ఎరుపు. అది ముందుకు పోయేకొద్దీ పసుపు, డబుల్ ఎల్లో, చివరికి ఆకుపచ్చ. ఇందులో స్తంభం ఆలోచించేదేమీ లేదు. ఆ పనంతా ఇంజన్‌లో ఉన్న లోకోపైలట్, అసిస్టెంట్ ఇద్దరిదీ.

గంటకు 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 30 మీటర్లకు పైనే, అందుకే క్షణం ఆలస్యమైనా లెక్కే. ‘వెలుగు కనబడగానే మీట నొక్కు’ అంటే మనిషికి సుమారు సెకనులో ఐదో వంతు చాలు. ‘ఎరుపైతే ఇది, పసుపైతే అది’ అంటే మాత్రం ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఆ కాస్త ఆలస్యాన్నీ కొలిచినవాడు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌కు చెందిన ఫ్రాన్సిస్కస్ డోండర్స్. మొదటి కాలాన్ని రెండో దానిలోంచి తీసేస్తే మిగిలేది మనసు తేల్చుకోవడానికి పట్టిన సమయమని 1868లో ప్రచురించాడు. 1952లో విలియం హిక్ పది చిన్న దీపాలు పెట్టి, పది వేళ్ల కింద పది మీటలు ఉంచి చూశాడు. దీపాల సంఖ్య రెట్టింపైనా ఆలస్యం రెట్టింపు కాలేదు. ప్రతి రెట్టింపుకూ దాదాపు ఒకే మోతాదులో పెరిగింది. పెరగడం మాత్రం తప్పలేదు. రైల్వేవాళ్లు నాలుగు సంకేతాలతో ఆగడమే మేలైందని స్తంభం అనుకుంటుంది.

అలాగని రంగు తెలిస్తే పని అయిపోయినట్టు కాదు. ఈ స్తంభానికి ‘ఏ’ అని రాసిన ఓ గుండ్రటి పలక ఉంది, ఆటోమేటిక్ సిగ్నల్ అని గుర్తు. ఇక్కడ ఎరుపుంటే పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, తర్వాత నత్తనడకన ముందుకు పోవచ్చు. ఆ పలక లేని స్టేషన్ సిగ్నల్ దగ్గర అదే ఎరుపుకు అలా కదిలితే ఉద్యోగానికే ముప్పు. కంటికి రెండూ ఒకటే. చెయ్యాల్సిన పనే వేరు.

అసలు రంగే పోల్చుకోలేనివాళ్లుంటారన్న సంగతి 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా ప్రమాదం తర్వాత పెద్ద చర్చయింది. ఉప్సాలా ప్రొఫెసర్ హోల్మ్‌గ్రెన్ రంగురంగుల ఉన్ని పోగులిచ్చి రైల్వే సిబ్బంది కళ్లు పరీక్షించాడు. ఇప్పుడు చుక్కల్లో అంకెలు దాచిన ఇషిహారా పుస్తకం ఆ పని చేస్తోంది.

రాత్రిపూట ఎక్స్‌ప్రెస్ దగ్గరకొస్తుంటే క్యాబిన్‌లో అసిస్టెంట్ చెయ్యి చాపి “డబుల్ ఎల్లో” అంటాడు. “డబుల్ ఎల్లో” అని లోకోపైలట్ బదులిస్తాడు. ఇద్దరికీ కనిపిస్తున్నదాన్ని మళ్లీ అరిచి చెప్పుకోవడమేమిటని కొత్తవాళ్లకు నవ్వు రావచ్చు. జపాన్ రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ 1994లో దీన్ని పరీక్షిస్తే, వేలు చూపిస్తూ పైకి పలికినప్పుడు పొరపాట్లు ఆరో వంతుకు దిగాయి. చూసినదాన్ని నోటితో అనాల్సి వస్తే చెయ్యి తనంతట తాను కదిలిపోదు మరి.

ఈ స్తంభాన్ని భయపెట్టేది చూపు తగ్గడం కాదు, అలవాటు. బ్రిటన్ బండ్లలో ఆకుపచ్చకు గంట, మిగతా వాటికి హారన్ మోగే ఏర్పాటుంది. హారన్ వినగానే డ్రైవర్ బటన్ నొక్కాలి. రోజంతా పసుపుల మధ్య నడిపితే ఆ నొక్కుడు మెదడు దాకా వెళ్లకుండానే జరిగిపోతుంది.

స్తంభాల జాతిలో ఎస్‌ఎన్109 పేరు మరిచిపోలేనిది. లండన్ ప్యాడింగ్టన్ బయట, లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర పట్టాలకు అడ్డంగా కట్టిన గాంట్రీ మీద ఉండేది. దాని ఎర్రదీపం మిగతావాటి కింద కాక, పక్కకు జరిపి ఉండేది. దగ్గరకొచ్చే డ్రైవర్‌కు దాన్ని కొంతసేపు అడ్డంకులు కప్పేసేవి. 1999 అక్టోబరు 5 ఉదయం, ఎండ వాలుగా దీపాల మీద పడుతున్న వేళ, ఓ బండి ఆ ఎరుపును దాటి ఎదురుగా వస్తున్న ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. 31 మంది పోయారు. డ్రైవర్‌కు శిక్షణ పూర్తయి రెండు వారాలే. అంతకుముందు ఆరేళ్లలో అదే సిగ్నల్‌ను ఎనిమిదిసార్లు ఎరుపు మీదే దాటేశారు. ఎనిమిదిసార్లూ తప్పు డ్రైవర్ కళ్లదేనంటే ఏ స్తంభమూ ఒప్పుకోదు.

ఇప్పుడు సిగ్నల్ రంగును ఇంజన్‌లోని తెర మీదికే తెచ్చే ‘కవచ్’ వచ్చింది. లోకోపైలట్ స్పందించకపోతే అదే బ్రేకులు వేస్తుంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజన్‌లో కూర్చుని దాన్ని పరీక్షించారు. ఒకే పట్టా మీద ఎదురుగా మరో ఇంజన్ ఉంది. దానికి 380 మీటర్ల దూరంలో బండి తనంతట తానే ఆగింది.