ఫ్యాన్ ఆపితేనే ఫ్యాన్ ఫిక్షన్

అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ జీవితంలో ఎన్నడూ కలుసుకోలేదు. ఒకరు 1924లో మన్యంలో నేలకొరిగారు, ఇంకొకరు 1940లో జోడేఘాట్‌లో. అయినా వాళ్ళిద్దరూ ఢిల్లీలో ప్రాణస్నేహితులయ్యారని రాజమౌళి సినిమా తీస్తే టికెట్టు కొనుక్కుని మరీ ఈలలు వేశాం. చరిత్ర మీద కట్టిన కల్పన అది. ఆ కల్పన చూసి ఏ దేశంలోనో ఒక పిల్ల, సినిమా అయిపోయాక ఆ ఇద్దరూ అడవికి వెళ్ళి ఏం వండుకు తిన్నారు, ఎవరు ముందు అలిగారు అని ఇంగ్లీషులో నలభై పేజీల కథ రాసింది. ఆ కథ చదివి మురిసిపోయిన ఇంకో పిల్ల మైకు ముందు కూర్చుని దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి రికార్డు చేసింది. దాన్ని రాజమండ్రిలో నేను బెండకాయలు తరుగుతూ విన్నాను. సీతారామరాజుగారి కథ మన్యంలో బయలుదేరి ఇన్ని చేతులు మారి మళ్ళీ గోదావరి జిల్లాకే చేరిందన్నమాట.

ఈ చదివి పెట్టే ఆటని పాడ్‌ఫిక్ అంటారు. ఐపాడ్‌లు చెలామణిలో ఉన్న రోజుల్లో పుట్టింది కాబట్టి ఆ పేరు. ఐపాడ్ పోయింది, పేరు ఉండిపోయింది. నాకు దీన్ని అంటించింది బెంగళూరులో ఉద్యోగం చేసే మా అక్క కూతురు. “ఫ్యాన్స్ రాసే కథలు పిన్నీ” అన్నప్పుడు నాకు కటౌట్లూ పాలాభిషేకాలూ గుర్తొచ్చాయి. వీళ్ళు వేరే జాతి. కథ అయిపోయిందని రచయిత చెప్పినా వినిపించుకోని జాతి. 1967లోనే అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అభిమానులు సొంత ఖర్చుతో పత్రిక అచ్చు వేసుకుని, టీవీలో ముగిసిన కథల్ని అందులో పొడిగించుకున్నారు. ఇప్పుడు ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అని వీళ్ళదే ఒక పెద్ద భోషాణం ఉంది. 2009లో తెరిచారు, 2019లో సైన్స్ ఫిక్షన్ వాళ్ళిచ్చే హ్యూగో అవార్డు కూడా దక్కింది. ప్రకటనలు లేవు, రుసుము లేదు, విరాళాల మీదా వాలంటీర్ల మీదా నడుస్తోంది. మన ఊళ్ళో గ్రంథాలయానికి ఇంత జరుగుబాటు ఉంటే ఎంత బాగుండునో!

వినడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, ఫోనూ చెవులూ చాలు. కానీ మా అమ్మాయి ముందే ఒక జాగ్రత్త చెప్పింది. “పిన్నీ, రేటింగ్ చూడకుండా స్పీకర్ ఆన్ చెయ్యకు.” జీ అంటే ఇంటిల్లిపాదికీ. టీ అంటే కాస్త ఎదిగిన పిల్లలకి. ఎమ్ అంటే పెద్దవాళ్ళకి. ఈ అంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు గడియ వేసుకుని, అప్పుడు కూడా అత్తగారు ఊరికి వెళ్ళినప్పుడే. రామ్, భీమ్ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి తుపాకులు పేలిస్తే మనం స్నేహమంటే అదీ అన్నాం. విదేశీ పిల్లలు చాలామంది అది ప్రేమే అని తేల్చి, దానికి తగ్గట్టు పెళ్ళిళ్ళూ కాపురాలూ రాసేశారు. నాకేం అభ్యంతరం లేదు. ఆ కాపురాల్లో వంట మాత్రం రోజూ భీమే చెయ్యడం అన్యాయంగా తోచింది.

రేటింగ్ తర్వాత ట్యాగులు. కథలో ఏముందో ముందే చీటీ అంటిస్తారు. దెబ్బలు తగలడం, సేవ చెయ్యడం ఒక రకం. చచ్చిపోయినవాళ్ళని బతికించడం ఒక రకం. ‘ఒకటే మంచం ఉంది’ అని ఇంకో రకం. ప్రయాణంలో ఇద్దరూ సత్రంలో దిగుతారు, గదిలో చూస్తే ఒకటే మంచం, అక్కడినుంచి కథ పాకాన పడుతుంది. ఇది మా ఇళ్ళల్లో పుట్టే అవకాశమే లేదు. పెళ్ళికి చుట్టాలొస్తే మంచం ముసలాయనకి ఇచ్చేసి మిగతా ఇరవైమందీ హాల్లో వరసగా చాపలేసుకుని పడుకునే జాతికి ఒక మంచం చూసి గుండె దడదడలాడదు.

కొత్తగా వినేవాళ్ళకి మా అమ్మాయి చెప్పే కిటుకు ఒకటుంది: కథని బట్టి వెతక్కు, నచ్చిన గొంతుని పట్టుకుని ఆ గొంతు ఏం చదివితే అది విను. ఇది నిజం. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వింటూ పెరిగినదాన్ని, బొమ్మ లేకుండా సినిమా చూడటం నాకు కొత్త కాదు. ఒక గొంతు మీద గురి కుదిరితే అది కరెంటు బిల్లు చదివినా వింటాం.

సరే, నేను వింటున్న పిల్లది చక్కని గొంతు. చిక్కల్లా భీమ్ దగ్గర వచ్చింది. ఆ పిల్ల నోట్లో భీముడికి ఒత్తు ఊడిపోయి బీమ్ అయ్యాడు, సిమెంటు కాంట్రాక్టరు వేసే బీమ్. పోనీ అనుకున్నాను. కథలో భీమ్ రామ్‌ని ‘అన్నా’ అని పిలుస్తాడు. ఆ అన్నా కాస్తా ఇంగ్లీషు ఆడపిల్ల పేరు యానా అయింది. చావుబతుకుల మధ్య భీమ్ గొలుసులు తెంచుకుంటూ “యానా! యానా!” అని అరుస్తుంటే, సీతని మర్చిపోయి మధ్యలో ఈ యానా ఎవరని మా అత్తయ్యగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి నిలదీశారు.

ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన ప్రాణం ఊరుకుంటుందా? మా అమ్మాయికి ఫోన్ చేసి, ఆ పిల్లకి ఎవరైనా చెప్పకూడదటే అన్నాను. “నువ్వే చెప్పు పిన్నీ, వాళ్ళు అడుగుతారు కూడా” అంది. అది నిజమేనట. తమది కాని ఊరి పేర్లొస్తే తెలిసినవాళ్ళ చేత పలికించుకుని విని మరీ చదివే పద్ధతి వాళ్ళలో ఉంది. అలా నేను భీమ్, మల్లి, అన్నా, తమ్ముడు అన్నీ ఒత్తులతో సహా పలికి పంపాను. మర్నాటికల్లా జవాబు వచ్చింది: ఈ గొంతు ఎవరిది, ఈమె ఎందుకు చదవరు?

పొగడ్తకి లొంగని టీచరు ఇంకా పుట్టలేదు.

చదవాలంటే ముందు రచయిత అనుమతి ఉండాలట. అదేమిటో నాకు మొదట అర్థం కాలేదు. వ్యాసుడు అభిమన్యుడికి ఉత్తరనిచ్చి చేసి ఊరుకుంటే, మనవాళ్ళు బలరాముడికి శశిరేఖ అనే కూతుర్ని పుట్టించి ఇంకో పెళ్ళి చేశారు. 1957లో ‘మాయాబజార్’ నాటికి పాండవులు ఒక్కరూ తెరమీదికి రాకుండానే వాళ్ళింటి పెళ్ళి జరిగిపోయింది. ప్రాణమిత్రులైన కృష్ణార్జునులకి చిలకమర్తివారు ‘గయోపాఖ్యానం’లో యుద్ధం పెట్టించారు. వనవాసమంతా ఊర్మిళ నిద్రపోయిందని ఆడవాళ్ళు పాట కట్టుకున్నారు. వీళ్ళల్లో ఒక్కరైనా వ్యాసవాల్మీకుల గుమ్మం తొక్కి అడిగిన పాపాన పోలేదు. ఇక్కడ చూస్తే, రాజమౌళిని అడగకుండా రాసిన పిల్లని నేను అడిగి చదవాలి! కానీ ఆలోచిస్తే న్యాయమే. డబ్బు ముట్టని చోట మిగిలేది మర్యాదొక్కటే. కొందరు రచయితలు, ఎవరైనా చదువుకోవచ్చు, నా పేరు చెప్తే చాలు అని ముందే రాసి పెట్టేస్తారు. అలా రాయనివాళ్ళని అడగాలి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, వద్దన్నట్టే.

నేను ఉత్తరం రాశాను. ‘రెస్పెక్టెడ్ మేడమ్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్’ అని మొదలుపెట్టి రెండు పేజీలు. మా అమ్మాయి దాన్ని రెండు వాక్యాలకి కుదించింది. ఆ రచయిత్రి దగ్గర్నుంచి ఒక్క అక్షరం కూడా లేని జవాబు వచ్చింది. అన్నీ ఎర్ర గుండెకాయలే. దీన్ని అనుమతి కింద ఫైల్లో పెట్టుకోవచ్చా అని అడిగితే, “పిన్నీ, ఇంతకన్నా గట్టి అనుమతి ప్రపంచంలో ఉండదు” అంది.

ఇక రికార్డింగు. ఖరీదైన మైకు అక్కర్లేదు, ఫోన్‌కి వచ్చిన ఇయర్‌ఫోన్ మైకుతో మొదలుపెట్టినవాళ్ళు బోలెడుమంది. కావలసింది నిశ్శబ్దం, గోడలకి తగిలి తిరిగిరాని గొంతు. అందుకు విదేశాల్లో అందరూ చెప్పే ఉపాయం, బట్టల అల్మరాలోకి వెళ్ళి కూర్చోమని. అక్కడ అల్మరా అంటే ఒక గది, చుట్టూ కోట్లు వేలాడుతూ ప్రతిధ్వనిని మింగేస్తాయి. మా ఇంట్లో ఉన్నది మా పెళ్ళికి మా నాన్నగారు కొనిచ్చిన ఇనప బీరువా. అందులో పట్టుచీరలూ దస్తావేజులూ పడతాయి. నేను పట్టను. పట్టినా, బయటినుంచి తాళం తిప్పే అలవాటు మా ఆయనకి ఉంది.

అలాంటి అల్మరా లేనివాళ్ళని దుప్పటి కప్పుకోమన్నారు. మే నెల రాజమండ్రిలో, గది తలుపులన్నీ బిగించి, సీలింగ్ ఫ్యాన్ ఆపేసి, నెత్తిన బొంత కప్పుకుని, లోపల ఫోన్ వెలుగులో భీమ్ చలికి వణుకుతున్న సన్నివేశం చదివాను. ఆ వణుకు చాలా సహజంగా వచ్చిందని తర్వాత మెచ్చుకున్నారు. అది వడదెబ్బ మొదలయ్యే ముందు వచ్చే వణుకు. మా ఆయన గదిలోకి వచ్చి, బొంత ఎత్తి, నుదుటి మీద చెయ్యేసి, “జ్వరమా?” అన్నారు. ఆ మాట కూడా రికార్డయింది.

తెలుగు ఇంటికి నోరు మూయించడం తేలిక కాదు. అయిదింటికి గుడి మైకు. ఆరింటికి కుక్కర్. ఆ తర్వాత పాత ఇనుము, పాత ప్లాస్టిక్ కొంటామని బండివాడు. వాడి మీద నాకు గౌరవం పెరిగింది. ఎప్పుడో ఒకసారి రికార్డు చేసుకున్నాడు, ఒక తడబాటు లేదు, ఒక ఊపిరి శబ్దం లేదు, రోజూ అదే వినిపిస్తున్నాడు. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. ముందు కొన్ని సెకన్లు ఏమీ మాట్లాడకుండా గదిని రికార్డు చేసి, ఇదీ మా గది మోత అని దానికి చూపిస్తే, ఆ మోతని మొత్తం ఆడియోలోంచి పలచబరుస్తుంది. కానీ ఇది ఫ్రిజ్ గుర్రు లాంటి ఒకే తీరు శబ్దానికే పనిచేస్తుంది. కుక్కర్ విజిల్‌నీ అత్తగారినీ తీసేసే మీట అందులో లేదు.

భ అక్షరం ఇంకో గండం. ఆ పిల్లకి ఒత్తు పలకమని పాఠం చెప్పిన నోటితోనే నేను నిండుగా “భీమ్” అన్నప్పుడల్లా గాలి నేరుగా మైకుని కొట్టి ఢామ్మని పేలుతోంది. మైకుని నోటికి ఎదురుగా కాక కాస్త పక్కకి పెట్టుకుంటే గాలి పక్కనుంచి పోయి మాట మాత్రం పడుతుంది. తప్పు చదివినప్పుడు ఆపక్కర్లేదు, ఒక్క చప్పట కొట్టి ఆ వాక్యం మళ్ళీ చదవాలి. తెరమీద గొంతు గీతల్లా కనిపిస్తుంది కదా, చప్పట దగ్గర నిట్టనిలువుగా ఒక గీత లేస్తుంది, దాన్నిబట్టి తప్పు ఎక్కడుందో కళ్ళతోనే పట్టుకుని కోసేయొచ్చు. గదిలోంచి ఉండుండి చప్పట్లు వినపడుతుంటే మా ఆయన అత్తయ్యగారితో అనడం విన్నాను: “తనకి తనే కొట్టుకుంటోందమ్మా. మనం కొట్టమని తెలిసిపోయినట్టుంది.”

ఇంగ్లీషులో నిమిషానికి నూటయాభై మాటలు సుమారుగా చదువుతాం. పావుగంట కథ కోసి కుట్టడానికి నాకు ఆదివారం చెల్లిపోయింది. కుట్టడం కన్నా కష్టం, సొంత గొంతు వినడం. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల్లోంచి కూడా చెవికి చేరుతుంది, అందుకని మనకి మనం గంభీరంగా వినపడతాం. రికార్డులో ఎముకలు ఉండవు. ముప్ఫయ్యేళ్ళు ఈ గొంతు విన్న పిల్లలు తలెత్తి కిటికీ వంక ఎందుకు చూసేవాళ్ళో తెలిసొచ్చింది.

ఒక్కచోట మాత్రం కత్తెర వెయ్యలేదు. రామ్ తన రహస్యం చెప్తూ ఇక నీకు అబద్ధం చెప్పను అంటాడు. సరిగ్గా అప్పుడు గోడమీది బల్లి టిక్ టిక్ టిక్‌మంది. సత్యం! గుమ్మంలోంచి అత్తయ్యగారు “కృష్ణ కృష్ణ” అన్నారు. ఆ రెండూ అలాగే ఉంచాను. శబ్దాల ఎంపిక అద్భుతం, ఆ పక్షి ఏమిటి అని కథ రాసిన పిల్ల మా అమ్మాయిని అడిగిందట.

అత్తయ్యగారికి ఇప్పుడు దీనిమీద గురి కుదిరింది. ఆవిడ బాధ వేరు. ‘మాయాబజార్’లో లక్ష్మణకుమారుడికి పెళ్ళి పీటలమీద పరాభవం. పోనీలే అనుకుంటే భారతంలో చక్రవ్యూహంలో వాడిని చంపేది కూడా ఆ అభిమన్యుడే. “పెళ్ళికూతుర్ని తీసుకుపోయాడు, ప్రాణం కూడా తియ్యాలా? వాడేం పాపం చేశాడమ్మాయ్? తండ్రి చేశాడు” అని ఎనభై దాటిన వయసులో ఆవిడే కథ అల్లుతున్నారు. ఆవిడ కథలో లక్ష్మణకుమారుడు యుద్ధానికి ముందు రాత్రి కడుపునొప్పని చెప్పి పడుకుంటాడు, శశిరేఖ చెలికత్తె కషాయం పట్టుకొస్తుంది. ఆవిడ చెప్తుంటే నేను రాస్తున్నాను, బొంత కింద చదవబోయేదీ నేనే. మొన్న మా అమ్మాయి ఫోన్లో పద్ధతి ప్రకారం అడిగింది, “బామ్మగారూ, మీ కథ ఇంకెవరైనా చదివి రికార్డు చేసుకోవచ్చా?”

“ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చమ్మా” అన్నారావిడ. తర్వాత ఒక్క క్షణం ఆగి, “కాకినాడలో మా పెద్దది తప్ప. అది కథ మొదలుపెడుతూనే ముగింపు చెప్పేస్తుంది” అన్నారు.