నేను పందెం బండను

డోన్ తట్టు పల్లెల్లో తిరునాళ్ల కరపత్రం ఏది చూసినా ఒకటే వరుస. పైన దేవుడి బొమ్మ, దాని కింద నాయకుల బొమ్మలు, ఆ కింద దాతల పేర్లు, అన్నిటికీ అడుగున ‘ఒంగోలు జాతి వృషభరాజముల బండలాగుడు పోటీలు’ అని లావుపాటి అక్షరాలు. నా ఫొటో ఎక్కడా ఉండదు. ఎద్దులు మారతాయి, దాతలు మారతారు, సర్పంచులు మారతారు. పొద్దుటి నుంచి ప్రతి జతకూ తగులుకునేది మాత్రం నేనే.

పుట్టింది ఊరి పక్కనున్న గట్టులో. ఉలితో వరుసగా గుంటలు తొలిచి, సమ్మెటతో మోది నన్ను విడదీశారు. ఆళ్లగడ్డ శిల్పుల చేతిలో పడి ఉంటే ఏ గుళ్లోనో కూర్చుని అభిషేకాలు చేయించుకునేదాన్ని. బేతంచెర్ల నాపరాయినై పుట్టి ఉంటే ఎవరింట్లోనో చల్లగా పరుచుకుని ఉండేదాన్ని. నాకు రాసిపెట్టింది ఈ మట్టి బాట. బెజ్జం వేసి ఇనుప గొలుసు తగిలించారు, పక్కన నా బరువు క్వింటాళ్లలో రాశారు. అంతే, నా పేరూ ఊరూ అదే.

తిరునాళ్ల రోజు తప్పితే వేపచెట్టు కింద ఊరికే పడి ఉంటాను. గ్రూపు పరీక్షలకు చదివే పిల్లోడొకడు నా మీద కూర్చుని పైకి చదువుతాడు. రోము సంగతులన్నీ వాడి నోటి వెంట విన్నవే. క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి కొలోసియం తెరిచి వంద రోజులు ఆటలు ఆడించాడట. ఆ సంబరంలో 9 వేల జంతువులను చంపారని డియో కాసియస్ అనే చరిత్రకారుడు రాశాడట. ఆ కట్టడానికి టివోలి దగ్గరి గనుల నుంచి రాయి తెచ్చారని విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. అదీ మా జాతే కదా.

చంపడం మాట అటుంచితే, మిగతా తతంగమంతా నాకు తెలిసిందే. ప్రవేశం ఉచితం, ఖర్చు పెద్దలది, పేరూ వాళ్లదే. ముందు వరుసల్లో సెనేటర్లు, అందరికంటే పైన పేదలూ ఆడవాళ్లూ. ఎండ తగలకుండా పైన పెద్ద గుడ్డ పందిరి, దాన్ని లాగి కట్టడానికి నావికులు. మా దగ్గర షామియానా కింద ఫ్యాను గాలికి కుర్చీల్లో పెద్దలు, ఎండలో ట్రాక్టర్ల మీదా చెట్లకొమ్మల మీదా జనం, మిద్దెల మీది నుంచి ఆడవాళ్లు. రెండు వేల ఏళ్లయినా పందిరి ఎవరి నెత్తిన వేయాలో మనుషులకు బాగా గుర్తుంది!

“యా ఊరివి రా ఈ ఎద్దులు?”

“పత్తికొండ తట్టువంట సిన్నాయనా. ఉలవలు పెట్టి మేపినారంట, సూడు ఎట్ల నిగనిగలాడతాండాయో.”

పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి విభాగం తేలుస్తారు. ఈ లెక్కలో మోసం కష్టం. ఆధార్ కార్డు కంటే పన్ను నమ్మకమైన సాక్ష్యం. చీటీ తీస్తే వరుస తేలుతుంది. గడువులోగా నన్ను ఎంత దూరం లాగితే అంత, అడుగుల్లో అంగుళాల్లో కొలుస్తారు.

ఈల పడగానే గొలుసు బిగుసుకుంటుంది. నాకు కనిపించేవి వెనక కాళ్లే. గిట్టలు నేలలోకి దిగబడతాయి, తొడల్లో నరాలు తేలతాయి. నిలిచిన బండను కదిలించడానికే అసలు బలం కావాలి. కదిలాక కొంచెం తేలిక. అందుకే తెలిసిన తోలరి మధ్యలో ఆగనివ్వడు. బాట చివర మలుపు దగ్గర తేలిపోతుంది ఎవరి సత్తా ఎంతో. రెండెద్దుల్లో ఒకటి ముందడుగు వేసి రెండోది తటపటాయిస్తే కాడి వంకరపోతుంది, నేను అడ్డం తిరుగుతాను. జనం ఈలలు వేస్తారు. అప్పుడే చెర్నాకోల లేస్తుంది. నోటి నురగ తీగలై జారి దుమ్ములో పడుతుంది, దాని మీదుగానే నేను జరుగుతాను. గెలిచిన జత దాటిన దుమ్మూ ఓడిన జత దాటిన దుమ్మూ నాకు ఒకే రకం.

ఎద్దులకు లక్షలు పెట్టే రైతుకు వాటి మీద ప్రేమ లేదనలేను. ట్రాక్టర్లు వచ్చాక సేద్యానికి అక్కరలేని ఎద్దును ఈ పందేలే కొట్టంలో నిలబెట్టాయి. అయితే ప్రేమ కొట్టంలోనూ, కొరడా బరిలోనూ ఉంటే ఎట్లా? దెబ్బలు కొట్టడం, మోయలేని భారం వేయడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతోంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ ఆపింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకున్న సవరణలు చెల్లుతాయని 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. కోర్టుల్లో ఎటు తేలినా, వీపు మీద తేలే వాత మాత్రం మారదు.

రోములో రథాల పందేలకు డయోక్లెస్ అనే సారథి ఉండేవాడు. 4,257 పందేల్లో దిగి 1,462 గెలిచాడని అతని శాసనంలో ఉంది. అందులో అతని గుర్రాల పేర్లు కూడా చెక్కారని విని అసూయ పడ్డాను. మా మైకులో యజమాని పేరు, ఊరి పేరు, దాత పేరు, దాత తండ్రి పేరు కూడా వినిపిస్తాయి. ఎద్దుల పేర్లు వినబడవు. అంత నెత్తురు పారించిన రోము వాళ్లు ఈ ఒక్క విషయంలో మనకంటే నయం.

కమిటీ పెద్దలారా, వచ్చే శివరాత్రికి కరపత్రం అచ్చు వేయించేటప్పుడు నాయకుల బొమ్మలు ఒకటి రెండు తగ్గించి ఆ చోట ఎద్దుల పేర్లు వేయించండి. చెర్నాకోలలు, ముల్లుగర్రలు బరి బయటే పెట్టించండి. కొట్టకుండా ఎంత దూరం లాగితే అంతే కొలవండి.