నిలబడ్డ బండికి మైలేజ్ ఎంత?

మన సీమలో బండి కొనేవాడు మొదట అడిగేది "ఎంతిస్తాది?" అనే. లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గితే షోరూమువాడి ఏడు తరాలనూ తిట్టిపోస్తాడు. ఆ లెక్కల మనిషే కర్నూలులో ఉగ్గాని బజ్జీల బండి పక్కన కారు నిలిపి, ఇంజన్ ఆపకుండా, ఏసీ తగ్గించకుండా, కిటికీలోంచి చెయ్యి చాచి ప్లేటు అందుకుంటాడు. ఇంకో బజ్జీ వెయ్యమని బేరం కూడా ఆడతాడు. సైలెన్సరు మాత్రం నూనె మూకుడు వైపు ధారాళంగా పొగ వదులుతుంటుంది. అప్పుడు మైలేజ్ ఎంత? సున్నా. చిన్న కారైనా అలా గంటసేపు నిలబడితే అర లీటరుకు పైనే తాగుతుంది. పెద్ద లారీ అయితే మూడు లీటర్ల దాకా.

"కాస్త ఆపొచ్చు కదన్నా" అన్నామా, సమాధానాలు సిద్ధం. మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతాదట! అది కార్బురేటర్ల కాలం నాటి భయం. ఇప్పటి ఇంజన్లకు పది సెకన్లు దాటి నిలబడాల్సి వస్తే ఆపడమే లాభం. "45 డిగ్రీల ఎండప్పా, ఏసీ లేకుంటే చస్తాం" అన్నది రెండోది. నిజమే. అద్దానికి అవతల బజ్జీలు వేసేవాడికీ అదే ఎండ. పైగా పొయ్యి సెగ, మీ ఏసీ బయటికి తోసిన వేడి అతనికి అదనం.

సిగ్నళ్ల దగ్గర ఇంకో భక్తి. కర్నూలు రాజ్‌విహార్‌లోనైనా, కడప ఏడురోడ్ల కూడలిలోనైనా, ఎక్సలేటర్ తిప్పితే ఎర్రదీపం భయపడి పచ్చబడుతుందని మనవాళ్ల నమ్మకం. ఎర్రదీపం పడితే ఇంజన్ ఆపండని 2020లో ఢిల్లీవాళ్లు ప్రచారమే పెట్టుకున్నారు. మనకెందుకు, మనది ఢిల్లీనా?

కాదు గానీ, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊళ్ల జాబితాలో కర్నూలూ కడపా రెండూ ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద బాగుపడాల్సినవే. ఈ మాట ఎత్తితే చివరి అస్త్రం బయటికొస్తుంది: "కరువు సీమ సామీ, అంతా దుమ్ము!" దుమ్ము వాటా పెద్దదే, ఎవరూ కాదనరు. కానీ కార్బన్ మోనాక్సైడు ఎర్రమట్టిలోంచి లేవదు, డీజిల్ మసి బండల క్వారీలో పుట్టదు. దుమ్ము ఎటూ ఉంది కదా అని పొగ కూడా కలపమని ఏ వరుణదేవుడూ శపించలేదు.

ఇంకొందరు డ్యాష్‌బోర్డులోంచి పొల్యూషన్ సర్టిఫికెట్ తీసి ముఖాన పెడతారు. పెట్రోలు బండికి ఆ పరీక్ష చేసేదే బండిని నిలబెట్టి, ఇంజన్ నడుస్తుండగా. కదలని బండి కూడా విషం కక్కుతుందని సర్కారుకు ఎప్పుడో తెలుసన్నమాట. ఆ కాగితం పొగ హద్దులో ఉందంటుందే గానీ, పొగే లేదనదు. పొగే లేకుండా చెయ్యాలంటే తాళంచెవి వెనక్కి తిప్పాలి. దానికి ఏ కాగితమూ అక్కర్లేదు, ఫీజూ లేదు.