‘మీది ఆంధ్రానా, తెలంగాణానా?’: టేకల్ టీకా తాత్పర్యం

మూలం:
మీది ఆంధ్రానా, తెలంగాణానా?

అవతారిక: పరాయి ఊళ్లో తెలుగువాడికి తెలుగువాడు ఎదురుపడగానే పుట్టే సూత్రమిది. కర్త ఎవరో తెలియదు. డల్లాస్‌లో ఉగాది భోజనాల వరసలో వినిపిస్తుంది, వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసు లిఫ్టులో వినిపిస్తుంది. ప్రపంచంలో ఎక్కువమంది తెలుగువాళ్లకు దీనికి టీక అక్కర్లేదు, ఒక్క మాటతో తేలిపోతుంది. వినేవాడిది కోలారు జిల్లా మాలూరు తాలూకా టేకల్ అయినప్పుడే ఇది కొరుకుడుపడని పాకంలో పడుతుంది. మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి టీకలు రాశాడు. ఈ టీకాకారుడు అలాంటి ప్రతిజ్ఞ ఏదీ పట్టలేదు.

ప్రతిపదార్థం: మీది = మీ యొక్క సొంత ఊరు (గౌరవార్థక బహువచనం; ఇద్దరిదీ ఒకే జిల్లా అని తేలితే మూడో వాక్యానికల్లా ‘నీది’ అవుతుంది); ఆంధ్రానా = 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా పుట్టి, 1956 నవంబరు 1న పెరిగి, 2014 జూన్ 2న తగ్గిన రాష్ట్రమా; తెలంగాణానా = అది తగ్గిన రోజునే పుట్టిన రాష్ట్రమా; (లేక మరెక్కడైనానా) = ఈ మాట మూలంలో లేదు. ఏ ప్రతిలోనూ దొరకలేదు. టేకల్‌వాడి కష్టమంతా ఈ లోపించిన పదంలోనే ఉంది.

అలంకారం: పైకి సందేహాలంకారం. అది తాడా, పామా అన్నట్టుగా ఉంటుంది. అయితే తాడా, పామా అన్నప్పుడు ఎదురుగా ఉన్నది ఆ రెంటిలో ఒకటై ఉంటుంది. ఇక్కడ ఉన్నది టేకల్. కనుక అలంకారం భగ్నం.

పాఠాంతరాలు: 2014కు ముందు ప్రతులన్నిటిలో ‘ఆంధ్రాలో ఎక్కడ?’ అనే ఉంది. బెంగళూరులో కన్నడ పాఠం ప్రచారంలో ఉంది. ఫోనులో అమ్మతో మాట్లాడి పెట్టగానే పక్క సీటాయన ‘నీవు ఆంధ్రదవరా?’ అంటాడు. సొంత జిల్లా కేంద్రానికి గంటా రెండు గంటల దూరంలో మనిషి పరదేశి అయిపోయే చోటు అదొక్కటే. మరో పాఠం మరీ సున్నితమైనది: ‘కన్నడవాళ్లా? అయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!’ అమ్మ దగ్గర నేర్చుకున్న మాటకు ముక్కూమొహం తెలియనివాళ్లు పాసు మార్కులు వేయడం దీని విశేషం. 2018 డిసెంబరులో కేజీఎఫ్ సినిమా విడుదలయ్యాక ‘కోలారా? అయితే ఇంట్లో బంగారం ఎంత?’ అని ఒక ప్రక్షిప్తం చేరింది. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28ననే మూతపడ్డాయి. పైగా టేకల్‌లో తవ్వితే వచ్చేది రాయి. ఊరి పేరుకు కూడా పాఠభేదముంది. జనం నోట టేకల్, రైల్వే బోర్డు మీద ట్యాకల్. ఈ భేదాన్ని పరిష్కరించే పని రైల్వేవారిది.

శంక: ఇంత పీకులాట ఎందుకు, ‘ఆంధ్రానే’ అనేస్తే సరిపోదా?

సమాధానం: సరిపోదు. చాలామంది చేసి చూసిన ప్రయోగమిది. ‘ఆంధ్రానే’ అనగానే ‘ఎక్కడ?’ వస్తుంది. ‘చిత్తూరు వైపు’ అంటే ‘చిత్తూరులో ఎక్కడ?’ అని మళ్లీ వస్తుంది. అదే రైలుదారిలో బంగారపేట దాటాక వచ్చే కుప్పం గుర్తొచ్చి ‘కుప్పం’ అంటే, అడిగినాయన మొహం వెలిగిపోతుంది. ‘కుప్పంలో ఎవరింటివాళ్లు?’ అంటాడు. అబద్ధానికి ఊరు దొరుకుతుంది గానీ బంధువులు దొరకరు.

శంక: పోనీ, ఉన్నదున్నట్టు చెబితే?

సమాధానం: చెప్పవచ్చు. ‘మాది కర్ణాటక, మేం తెలుగువాళ్లమే’ అన్న వెంటనే ‘ఎప్పుడు వలస వెళ్లారు?’ అని వస్తుంది. ఇది పూర్వపక్షం. రాష్ట్రం ఎక్కడ ఆగితే భాషా అక్కడే ఆగుతుందని, దాటి కనిపించినవాడు ఎవరో మోసుకెళ్లినవాడని దీని భావం. సిద్ధాంతం ఏమిటంటే, టేకల్‌వాళ్లు ఎక్కడికీ పోలేదు. గీతలే వచ్చి వాళ్లకు అటూ ఇటూ పడ్డాయి. 15వ శతాబ్దపు టేకల్ శాసనాల్లో శాళువ గోపరాజు పేరుంది. ఆ శాళువ వంశంలోని నరసింహరాయలికే పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతం అంకితమిచ్చాడు. ఒకప్పటి కోలారు జిల్లాలోని కైవారంలో తాతయ్యగారు, గాజులమ్ముకు బతికిన యోగి, తత్వాలు తెలుగులోనూ పాడాడు, కన్నడంలోనూ పాడాడు. ఇది ఆంధ్రానా, తెలంగాణానా అని ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. స్వాతంత్ర్యం వచ్చాక మైసూరుకు తొలి ముఖ్యమంత్రి అయిన చెంగలరాయరెడ్డిది ఇదే జిల్లాలోని క్యాసంబళ్లి. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం కోలారు సంగతి కూడా విచారించింది. జిల్లాలో సగానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లే అయినా అది మైసూరుతోనే ఉండాలని తేల్చింది. తేల్చినందువల్ల పొయ్యి దగ్గర భాష మారలేదు. బడిలో పలక మీద అంతకుముందూ కన్నడమే, ఆ తర్వాతా కన్నడమే. పెళ్లి పత్రిక కన్నడంలో అచ్చవుతుంది, ఇంటింటికీ పోయి పిలిచేది తెలుగులో. ఆ సీమలో ఇంటి మాట ఒకటీ రాత ఒకటీ కావడం ఎవరికీ వింత కాదు. ఇదే మాలూరు తాలూకాకు చెందిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంట్లో తమిళం మాట్లాడి, కన్నడంలో కథలు రాసి, 1983కు జ్ఞానపీఠం అందుకున్నాడు.

సిద్ధాంతం నిర్దుష్టమే. ఒక్కటే లోపం. ఇదంతా చెప్పేసరికి వరసలో ముందున్నాయన పులిహోర దాటి పెరుగన్నం దగ్గరికి చేరుకుంటాడు. శాళువ గోపరాజు దగ్గరే ఆయన చూపు అప్పడాల మీదికి మళ్లి ఉంటుంది.

విశేషం: ఈ సూత్రంలో అసలు చిక్కు అర్థంలో లేదు, ఆవృత్తిలో ఉంది. అడిగేవాడు అడగడం ఇదే మొదటిసారి. చెప్పేవాడికి లెక్కే లేదు. మూడేళ్ల కిందట వేరే ఎవరో అడిగిన దానికి వచ్చిన విసుగు, నిన్న విమానం దిగిన కుర్రవాడి మీద పడుతుంది. ‘ఎన్నిసార్లు చెప్పాలి?’ అంటే ఆ కుర్రవాడు నిజంగానే బిత్తరపోతాడు, అతనికి ఒక్కసారి కూడా చెప్పలేదు గనక. జవాబు అచ్చువేసి జేబులో పెట్టుకుని, అడిగినవాళ్లకల్లా పంచినా ఫలితం ఉండదు. అడిగేవాడికి కావలసింది సమాచారం కాదు. చేతిలో విస్తరితో ఒంటరిగా నిలబడి మాట కలపడానికి దొరికిన కొక్కెం అది. కాగితం చేతికిస్తే మాట అక్కడితో తెగుతుంది.

వృద్ధాచారం: మారికుప్పం నుంచి టేకల్ మీదుగా పొద్దున్నే బెంగళూరుకు పోయే రైల్లో ఏళ్ల తరబడి నిలబడి ప్రయాణం చేసిన పెద్దల ప్రయోగం దీనికి ప్రమాణం. వాళ్లు ఆంధ్రా అనరు, కర్ణాటక అనరు. ‘మాది బార్డరన్నా’ అంటారు. అందులో అబద్ధం లేదు, చరిత్ర లేదు, అడిగినవాడు తప్పడిగాడన్న చిన్నతనమూ లేదు. ఊపిరి తీసుకోకుండా దాని వెనకే ‘మీది యాడన్నా?’ అంటారు. కీలకం ఈ రెండో మాటలో ఉంది. ఊరు అడిగేవాడు తొంభై పాళ్లు తన ఊరు చెప్పుకోవడానికే అడుగుతాడు. అడిగితే చాలు, ఆయన తెనాలి కాలువో మిర్యాలగూడ మిల్లో మొదలవుతుంది. కృష్ణరాజపురం వచ్చేదాకా ఆగదు. టేకల్ ఎక్కడుందన్నది మళ్లీ ప్రస్తావనకు రాదు.

ఉత్తరసూత్రం: టేకల్‌వాడు అడిగేవాడైతే? డల్లాస్ వరసలో వెనకనుంచి ఎవరో ‘వస్తా ఉండా’ అన్నది చెవిన పడితే అతనికి ప్రాణం లేచివస్తుంది. ఆంధ్రానా తెలంగాణానా అని అడగడు, ఆ యాస వినగానే ఆ సంగతి తెలిసిపోతుంది. వెనక్కి తిరిగి, ‘బంగారపేటకు ఇవతలా, అవతలా అప్పా?’ అంటాడు. అవతలివాడు విస్తరి పట్టుకుని ఆలోచనలో పడతాడు. అతనిది ముళబాగల్. అక్కడికి రైలే లేదు.