తానీషా ఇచ్చిన రసీదు

భద్రాచలం దేవస్థానం జమాఖర్చుల్లో ఇన్నేళ్లకూ పూర్తిగా తేలిన లావాదేవీ ఒక్కటే. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు కుర్రాళ్లు అర్ధరాత్రి గోల్కొండ వెళ్లి, నిద్రలో ఉన్న పాదుషా తానీషాను లేపి, ఆరు లక్షల మొహరీలు కుప్పపోసి, సర్కారు సొమ్ము గుడికి మళ్లించి ఖైదైన కంచర్ల గోపన్న బాకీ చెల్లు అని రసీదు రాయించుకున్నారు. కథే కావచ్చు. కానీ కథలోనైనా ఒక ప్రభుత్వం సొమ్ము లెక్కచూసుకుని అప్పటికప్పుడు రసీదు ఇచ్చింది, తెల్లారాక ఖైదీని వదిలింది, పైగా తలంబ్రాలకు ముత్యాలు పంపింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ముత్యాలు పంపడం మానలేదు. రసీదు దగ్గరే చెయ్యి వణుకుతోంది.

హుండీ తేలికైనప్పుడల్లా మా ఊళ్లో ఒకటే మాట: భక్తి తగ్గింది. కరోనాతో 2020లో, 2021లో భక్తులు లేకుండానే సీతారాముల కల్యాణం జరిగింది, రాబడి పడిపోయింది, అది ఎవరికైనా అర్థమయ్యేదే. కానీ ఆ సాకు ఎల్లకాలం నడవదు. మామూలు రోజుల్లో దాత చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వస్తే మాత్రం కలికాలం అంటారు, పిల్లల చేతుల్లో ఫోన్లు అంటారు. భద్రగిరి మెట్లెక్కి వచ్చే కోయ ముసలమ్మ కొంగు ముడి విప్పి పది రూపాయలు హుండీలో వేయడం నేను ఎప్పుడూ చూస్తున్నదే. ఆ ముడి దగ్గర భక్తి ఏమీ తగ్గలేదు. వంద, వెయ్యి, లక్ష ఇవ్వగలిగినవాడే ఆగుతున్నాడు. వాడికి ఒక ప్రశ్న ఉంది, అడిగితే పాపమేమో అని అడగడు.

చిత్రకూట మండపంలో హుండీ లెక్కింపు జరిగిన మర్నాడు పేపరు చూడండి. ఇన్ని లక్షల నగదు, ఇన్ని గ్రాముల బంగారం, ఇంత వెండి, ఇన్ని అమెరికా డాలర్లు, ఇంకేవో దేశాల నోట్లు నాలుగు. చిల్లర నాణెంతో సహా ఎంత వచ్చిందో చెబుతారు. ఎటు పోయిందో ఏ పేపర్లోనూ రాదు. దేవాదాయ శాఖ పాలన ఖర్చులకు ఒక వాటా. సర్వశ్రేయోనిధికి ఒక వాటా. అర్చక సంక్షేమ నిధికి మరొకటి. ఇక ఆడిట్ ఫీజు. దేవుడి లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో సర్కారు చూస్తుంది, చూసినందుకు కూలి దేవుడే ఇచ్చుకోవాలి. సర్వశ్రేయోనిధి ఎందుకంటే రాబడి లేని చిన్న గుళ్లలో దీపం వెలగడానికి అంటారు. మంచి మాట. రాముడికి అభ్యంతరం ఉంటుందనుకోను. ఏ గుడిలో దీపం వెలిగిందో ఒక పట్టిక రాసి మెట్ల దగ్గర పెడితే మాకూ ఉండదు.

ఈ విషయంలో మొట్టమొదటి పట్టిక రాసినవాడు కంచర్ల గోపన్న. అక్కన్న మాదన్నల మేనల్లుడు, పాల్వంచ పరగణా తహశీల్దారు. 'ఇక్ష్వాకు కుల తిలక' కీర్తనను భక్తులు పాటగా వింటారు, నేను ఖర్చుల చిట్టాగా వింటాను. భరతుడికి పచ్చల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, చాలావాటికి ఎంతెంతయిందో వరహాల లెక్కతో సహా దేవుడి మొహం మీదే అడిగేశాడు. ఇవాళ ఏ దేవస్థానమైనా వార్షిక నివేదికను అంత విడమరిచి చెబుతుందా? పాడి చెప్పక్కర్లేదు, నోటీసు బోర్డు మీదైనా చాలు.

ఆ గోపన్న ఫైలే ఇవాళ ఆడిట్ పార్టీ ముందుకు వస్తే?

"తహశీల్దారుగారూ, చింతాకు పతకానికి టెండరు పిలిచారా?"

"అమ్మవారికి నగ చేయించడానికి టెండరేమిటండీ?"

"కొటేషన్లయినా మూడు ఉండాలే! వోచర్లు ఏవి?"

"పాటలో రాశానండి, దేనికెంతో."

"పాట వోచరు కాదండీ. పోనీ, సొమ్ము తిరిగి కట్టేశారన్నారు. చెక్కా, డీడీనా?"

"రామలక్ష్మణులు వచ్చి నగదుగానే..."

"ఆరు లక్షలు నగదా! పాన్ నంబర్లు రాయించుకున్నారా? ఇంటిపేరు? అడ్రసు?"

"అయోధ్యండి."

"ఆధార్‌లో కూడా అదే ఉందా?"

ఇక్కడొక చిన్న ధర్మసూక్ష్మం. 2 లక్షలు, అంతకు పైన నగదు పుచ్చుకోకూడదని 2017 నుంచి ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. అయితే పుచ్చుకునేది ప్రభుత్వమైతే ఆ రూలు వర్తించదు. కాబట్టి తానీషా ఏ కేసూ లేకుండా బయటపడతాడు. గోపన్న సంగతే కష్టం. అలాగని పన్నెండేళ్ల కారాగారం, కొరడా దెబ్బలు ఇప్పుడెక్కడివి? ఒక ఆడిట్ పేరా పడుతుంది, 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు వెళుతుంది, ఈలోగా మనిషి రిటైరై మనవళ్లను ఎత్తుకుంటాడు. అసలు గోపన్న చేసిన తప్పల్లా దిక్కు తెలియకపోవడమే. సర్కారు సొమ్ము గుడికి మళ్లించాడు. గుడి సొమ్ము సర్కారుకు మళ్లించి ఉంటే దాన్ని కాంట్రిబ్యూషన్ అని పద్దు రాసి, ప్రమోషన్ ఇచ్చేవారు.

సర్కారు నుంచి గుడికి ఏమీ రాలేదనను. వాగ్దానాలు వచ్చాయి, అవి ఏ హుండీలోనూ పట్టవు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌గారు ఈ గుడికి 100 కోట్లు అన్నారు. ఏటా నవమి వచ్చింది, ఎన్నికలూ వచ్చాయి, ఆయన గద్దె దిగేనాటికి కూడా ఆ 100 కోట్లకు భద్రాచలం దారి దొరకలేదు. యాదాద్రి దారి మాత్రం దొరికింది: అక్కడ 1,000 కోట్లకు పైనే ఖర్చుపెట్టి కొత్త గుడి కట్టి, 2022 మార్చి 28న తలుపులు తెరిచారు. నరసింహస్వామి మీద మాకు అసూయ లేదు. కాకపోతే దేవుడి మహిమను ఔటర్ రింగురోడ్డు నుంచి కిలోమీటర్లలో కొలుస్తారని అప్పుడే తెలిసింది. ఆ లెక్కన మా రాముడిది బాగా మారుమూల మహిమ. అదే ఏడాది జులైలో గోదావరి 71.3 అడుగులకు లేచింది. ముఖ్యమంత్రిగారు వచ్చి, వరదలో విదేశీ కుట్ర ఉందేమోనని అనుమానపడి, ముంపు నివారణకు 1,000 కోట్లు ప్రకటించి వెళ్లారు. నీళ్లు తీశాయి, ప్రకటనా తీసింది. డిసెంబరులో రాష్ట్రపతి ముర్ముగారి చేతుల మీదుగా కేంద్రం ప్రసాద్ పథకానికి శంకుస్థాపన, 41.38 కోట్లు. పథకం పేరు బాగుంది. ప్రసాదం చేతికొచ్చాకే కళ్లకద్దుకుందామని నా ఉద్దేశం.

ఇక భూములు. ఇది నవ్వే విషయం కాదు గానీ, ఏడ్చి ఏడ్చి నవ్వొస్తోంది. 2014లో రాష్ట్రం విడగొట్టి, పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రలో కలిపారు. గుడి తెలంగాణలో ఆగింది. పక్కనే ఉన్న పురుషోత్తపట్నంలోని 889 ఎకరాల పైచిలుకు రాముడి భూమి ఆంధ్రలోకి పోయింది. యజమాని ఒక రాష్ట్రంలో, పొలం మరో రాష్ట్రంలో. దేవుడి సొత్తేనని కోర్టు అన్నా ఆ భూమిలో గోడలు లేస్తూనే ఉన్నాయి. 2025 జులైలో ఆక్రమణలు ఆపడానికి వెళ్లిన దేవస్థానం ఈవో మీదే దాడి చేశారు, ఆమె స్పృహతప్పి పడిపోయారు. రెండు వైపులా ఖండనలు వెలువడ్డాయి. ఖండనలకు మాత్రం సరిహద్దు అడ్డు రాదు. తరాలుగా దున్నుకు బతుకుతున్న పేదవాడి సంగతి వేరు, వాడితో కూర్చుని మాట్లాడి తేల్చవచ్చు. కాంక్రీటు పోసేవాడి సంగతే ఎవరూ మాట్లాడరు. రాముడు తండ్రి మాటకు రాజ్యం వదిలాడు కదా, పార్లమెంటు మాటకు పొలం వదలలేడా అని కాబోలు.

పొలం రాబడి రాకపోతే ఏంచేస్తారు, టికెట్ల మీద పడతారు. మిథిలా ప్రాంగణంలో కల్యాణం చూడ్డానికి 2025లో 7,500 రూపాయల నుంచి 150 దాకా తరగతులు పెట్టారు. తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి ఈ దేవుణ్ని మొదట చూసుకున్న పోకల దమ్మక్క ఇవాళ వస్తే ఏ సెక్టార్లో కూర్చోబెడతారో ఈవో ఆఫీసు వాళ్లే చెప్పాలి. రాలేనివాళ్లకు ఆర్టీసీ పార్సిల్లో తలంబ్రాలు ఇంటికే పంపుతున్నారు: 2022లో 80 రూపాయలు, మరుసటేడు 116, ఆ పైయేడు 151. సేవ మంచిదే, మా అక్కయ్య కూడా తెప్పించుకుంది. కానీ రెండేళ్లలో ధర దాదాపు రెట్టింపైన వస్తువు మా ఊళ్లో ఇసుక తర్వాత ఇదొక్కటేనేమో.

2023 జనవరిలో మరో ముచ్చట. ముక్కోటికని కుప్పలుగా చేసిన లడ్డూలు మిగిలిపోయి బూజు పట్టాయి. ఒళ్లు మండిన భక్తులు, ఇక్కడ బూజు పట్టిన లడ్డూలు అమ్మబడును అనే అర్థం వచ్చేలా కాగితం రాసి కౌంటర్‌కు అంటించి పోయారు. దేవస్థానం ఆవరణలో ఉన్నదున్నట్టు చెప్పిన బోర్డు నేను చూసినంతలో అదొక్కటే. వెంటనే చింపేశారు.

దాతలు మళ్లీ రావాలంటే కొత్త పథకాలు, కొత్త కరపత్రాలు, కొత్త క్యూఆర్ కోడ్లు కావాలని మీటింగుల్లో అంటుంటారు. అంత శ్రమ ఎందుకు? వచ్చే శ్రీరామనవమికి ఎలాగూ శుభలేఖలు అచ్చు వేయిస్తారు, వెనక వైపు ఖాళీగానే ఉంటుంది. నిరుడు ఎంత వచ్చింది, శాఖ ఎంత పట్టుకుంది, అన్నదానానికి దాతలిచ్చిన డిపాజిట్ల మీద వడ్డీ ఎంత, ఎంతమంది తిన్నారు, పురుషోత్తపట్నంలో ఎన్ని ఎకరాలు చేతికొచ్చాయి, ఏ ముఖ్యమంత్రి ఏమన్నారు, ఏమిచ్చారు, అన్నీ అక్కడ వేయించండి. చోటు చాలకపోతే ముందు వైపు మంత్రుల పేర్లు కొన్ని తగ్గించండి. వధూవరుల పేర్లు మాత్రం ఉండనివ్వండి.