మంగళవారపు మల్లవాక్యము: సటీకా తాత్పర్యము

మూలము:
“ఈ వారం రా మరీ చప్పగా ఉంది. మాటలే గానీ కొట్లాట లేదు. వచ్చే వారం చూడను. ఆ రెఫరీకి కళ్ళు లేవు. అండర్‌టేకర్ ఉన్న రోజులే వేరు.”

అవతారిక: చిన్ననాడు మల్లుల ట్రంప్ కార్డులలోని ఎత్తులు, బరువులు, ఛాతీ కొలతలు ఎక్కములకు ముందే కంఠస్థము చేసి, ఉద్యోగస్థుడై, పిల్లల తండ్రియై కూడ కుస్తీ మానని యొక అభిమాని, టీవీ కట్టివేయుచు ఇట్లనుచున్నాడు.

ప్రతిపదార్థము: ఈ వారం = అమెరికాలో సోమవారము రాత్రి, మనకు మంగళవారము ఉదయము; రా = 1993 జనవరి 11న న్యూయార్కు మాన్‌హాటన్ సెంటరులో మొదలై నేటికిని నడుచుచున్న డబ్ల్యూడబ్ల్యూఈ వారి కుస్తీ ప్రదర్శన; మరీ = గత వారముకంటెను (గత వారమును ఇట్లే అనెను); చప్పగా = ఉప్పుకారములు లేక; ఉంది = ఉన్నది. ఇందు క్లిష్టత లేదు.

మాటలే గానీ: మొదట గంటసేపుండిన ప్రదర్శన 1997లో రెండు గంటలు, 2012లో మూడు గంటలు అయ్యెను. మల్లుల ఊపిరి ఆ లెక్కన పెరుగదు గనుక మైకు పెరిగెను. అయినను ది రాక్ అను మల్లుడు మైకు పట్టిన రాత్రులలో ఈ వక్తయే “కొట్లాట తర్వాత, ముందు మాట్లాడనీ” అని ఇంటివారిని కసరినవాడు. కావున “మాటలే” అనుచోట “పస లేని” అను విశేషణమును అధ్యాహారము చేసికొనవలెను.

వచ్చే వారం చూడను: క్రియ వ్యతిరేకార్థకమే గాని భావము కాదు.

ఆ రెఫరీకి కళ్ళు లేవు: ఇది వాక్యమునకు ప్రాణము. ఇచ్చట పూర్వపక్షి, అనగా పక్క కుర్చీలో పేపరు చదువు బాబాయి, “అంతా ఉత్తుత్తి నాటకమే కదరా, మధ్యలో రెఫరీని తిట్టుడెందుకు?” అని ఆక్షేపించును. సమాధానము: నాటకమను సంగతి రహస్యము కాదు. 1989లోనే ఆ కంపెనీవారు న్యూజెర్సీ సెనేటు ముందు ఇది వినోదమే గాని పోటీ కాదని తామే చెప్పుకొనిరి. క్రీడల కమిషను పన్నులు, ఆంక్షలు తప్పునని వారి ఆశ. మన వక్త ఇదంతయు ఎరిగినవాడే. రెఫరీ చెవిలో ఇయర్‌పీసు ఉండుననియు, తెర వెనుకనుండి వచ్చిన మాటను మల్లుల చెవిని వేయుననియు, ఎంత సమయము మిగిలెనో చెప్పుననియు, ఎవనికైనను నిజముగా దెబ్బ తగిలినచో రెండు చేతులు తలపైకెత్తి ఒకదానికొకటి అడ్డముగా పెట్టి సైగ చేయుననియు వాడే బాబాయికి బోధించును. అట్టి రెఫరీది ధృతరాష్ట్రుని గుడ్డితనము కాదు, గాంధారిది. ఒక మల్లుడు మరొకని కొట్టుటకు కుర్చీ లేచు క్షణమున తల తిప్పుట, అది దిగిన పిమ్మట ఏమియు ఎరుగనట్లు వచ్చి మూడు లెక్కించుట సామాన్య విద్య కాదు. ఈ వారము అతడు కుర్చీ రింగులోకి రాకమునుపే తల తిప్పెను. వక్త కోపము అందులకు. మోసము జరిగెనని కాదు, మోసము మొరటుగా జరిగెనని. ఇంత సూక్ష్మమైన విమర్శను మన సినిమా సమీక్షలలో చూచి చాలకాలమైనది.

అండర్‌టేకర్ ఉన్న రోజులే వేరు: 1990లో ప్రవేశించిన ఈ మల్లుడు రెజిల్‌మేనియాలో వరుసగా 21 మార్లు గెలిచి, 2014 ఏప్రిల్ 6న న్యూ ఓర్లియన్స్‌లో బ్రాక్ లెస్నర్ చేత ఓడెను. ఆ ఓటమి ముందుగా వ్రాయబడినదనియు, ఓడినవాడు ఒప్పుకొనియే ఓడెననియు వక్తకు తెలియును. అయినను లెస్నర్‌ను ఎన్నడో క్షమించెను గాని, అట్లు వ్రాసినవారిని నేటికిని క్షమింపలేదు. కల్పితమని తెలిసి కూడ కల్పించినవానితో పగ పెట్టుకొనుట పాఠకులలో ఉత్తములు చేయు పని.

పాఠాంతరములు: అండర్‌టేకర్‌కు బదులు “స్టోన్ కోల్డ్” అని కొందరు చదివెదరు, వయసును బట్టి అదియు గ్రాహ్యమే. “జాన్ సీనా” అనునది అర్వాచీన పాఠము. 2023 సెప్టెంబరు 8న అతడు హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియములో దిగి కుస్తీ పట్టిన పిమ్మట తెలంగాణ ప్రతులలో ఈ పాఠమునకు బలము హెచ్చినది. బాబాయి చదువు “దారాసింగ్” అను పాఠమును మాత్రము వక్త అంగీకరింపడు. బాబాయియు వెనుకకు తగ్గడు.